కంప్యూటర్‌కి వడదెబ్బ!

మధ్యాహ్నం అయ్యేసరికి కంప్యూటరు నత్తనడక నడుస్తోందా? ఉన్నట్టుండి దానంతటదే ఆరిపోతోందా? వైరస్ అనుకుని ఫార్మాట్ చేయించే ముందు ఒక్కసారి దాని ఒళ్లు పట్టుకు చూడండి. థర్మామీటరు కోసం ఎక్కడికీ పరుగెత్తక్కర్లేదు... అది పెట్టెలోనే ఉంది!

పల్నాడు ఎండ గురించి పల్నాడువాళ్లకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఇక్కడే పుట్టిందేమో అనిపిస్తుంది. వేసవి ముదిరితే చాలు, టీవీ వార్తల్లో రెంటచింతల పేరు మొదలవుతుంది. 44, 45 అంటూ అంకెలు వినిపిస్తాయి. అన్నట్టు, ఆ అంకె మండుటెండలో కొలిచింది కాదు. నేలకి నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడేలా పక్కలకు రెక్కలు అమర్చిన తెల్లటి పెట్టె ఒకటుంటుంది. దాని లోపల, నీడలో, వాతావరణ శాఖవాళ్లు థర్మామీటరు పెట్టి చూసిన లెక్క అది.

అలాంటి పెట్టె నరసరావుపేటలో ఎన్నో ఇళ్లలో ఉంది. నల్ల రంగో బూడిద రంగో వేసిన రేకు డబ్బా. లోపల ఒకటి కాదు, నాలుగైదు ఉష్ణమాపులు. రాత్రీ పగలూ లేకుండా కొలుస్తూనే ఉంటాయి. కాకపోతే ఆ అంకెల్ని చదివేవాళ్లే తక్కువ!

ఆ పెట్టే మీ కంప్యూటరు.

మే నెల మధ్యాహ్నం మూడు గంటలు. ప్రకాశ్‌నగర్‌లోనో రామిరెడ్డిపేటలోనో ఒక మేడమీది గది. పొద్దుటినుంచీ కాగిన శ్లాబు సెగలు కక్కుతుంటుంది. ఫ్యాను తిరుగుతున్నా కిందికి తోసేది వేడిగాలే. పొద్దున ఆరింటికి చక్కగా పనిచేసిన కంప్యూటరు ఇప్పుడు మౌస్ కదిపితే ఆలోచించి కదులుతుంది. వెబ్ కౌన్సెలింగ్‌లో కాలేజీల వరస పెట్టుకుంటున్న పిల్ల ముందు తెర బిగుసుకుపోతుంది. 2020 తర్వాత ఇంటినుంచే ఉద్యోగం అలవాటైన కొడుకు వేసవికి ఊరొచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే మీటింగ్ మధ్యలో గొంతు ముక్కలు ముక్కలవుతుంది. 'నెట్ బాలేదు' అని ఒకరు, 'వైరస్ పట్టింది' అని ఇంకొకరు, 'పాతబడిపోయింది, కొత్తది కొనాల్సిందే' అని మూడోవాళ్లు తీర్పు చెప్పేస్తారు. షాపుకి తీసుకెళ్తే ఫార్మాట్ చేసి ఇస్తారు. ఇంటికి తెచ్చాక రాత్రి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి మళ్లీ మామూలే!

రాత్రి లేని వైరస్ పగలెక్కడినుంచి వచ్చింది?

రాలేదు. ఎండ ముదిరితే అరక విప్పేసి చెట్టు నీడకు చేరే రైతులా ప్రాసెసరు కూడా తనను తాను కాపాడుకుంటుంది. ఒంట్లో వేడి హద్దు దాటబోతుంటే కావాలనే వేగం తగ్గించుకుంటుంది. అయినా వేడి తగ్గకపోతే ఏకంగా కరెంటు తెంచేసుకుంటుంది. అది జబ్బు కాదు, జబ్బు రాకుండా చేసిన ఏర్పాటు. ఆ సంగతి మనకు తెలియకపోవడం వల్లే ఫార్మాట్ ఖర్చు, అందులో పోయే పిల్లల ఫొటోల ఖర్చు, అవసరం లేని కొత్త కంప్యూటర్ ఖర్చు.

పాదరసం లేని థర్మామీటరు

వేలిగోరంత ప్రాసెసర్‌లో థర్మామీటరు ఎలా ఇరికించారు? చిత్రమేమిటంటే కొత్తగా ఇరికించిందేమీ లేదు. ప్రాసెసర్ దేనితో తయారవుతుందో ఆ సిలికానే థర్మామీటరు. సిలికాన్ డయోడ్‌లోంచి సన్నటి కరెంటు పంపితే దాని రెండు కొసల మధ్య సుమారు 0.6 వోల్టులు నిలుస్తాయి. డయోడ్ ఒక డిగ్రీ వేడెక్కితే ఆ వోల్టేజి దాదాపు రెండు మిల్లీవోల్టులు పడిపోతుంది. అంటే వోల్టేజి ఎంత పడిందో చూస్తే ఎంత వేడెక్కిందో తెలిసినట్టే. ఇంజినీర్లు చేసిందల్లా ప్రాసెసర్‌లో బాగా కాగే చోట్ల అలాంటి ఏర్పాట్లు పెట్టి, ఆ వోల్టేజిని అంకెగా మార్చడం.

మొదట్లో ఇంత సౌకర్యం లేదు. 1990ల మదర్‌బోర్డుల్లో ప్రాసెసర్ కూర్చునే చోట కింద చిన్న గింజలాంటి సెన్సర్ ఉండేది. దుప్పటి కప్పుకున్నవాడి జ్వరం దుప్పటి మీద చెయ్యేసి చూసినట్టు! లోపలి వేడి అక్కడిదాకా వచ్చేసరికి ఆలస్యమయ్యేది.

ఆ ఆలస్యం ఎంత ఖరీదైనదో 2001 సెప్టెంబరులో లోకానికి తెలిసింది. టామ్స్ హార్డ్‌వేర్ అనే సంస్థవాళ్లు ఓ ప్రయోగం చేసి వీడియో తీశారు. కంప్యూటరు నడుస్తుండగా ప్రాసెసర్ మీద కూర్చునే హీట్ సింక్‌ని, అంటే వేడిని లాగేసే లోహపు దిమ్మెని, పెరికేశారు. ఏఎండీ వారి ఆథ్లాన్ సెకన్లలో మాడి పొగ కక్కింది. పెంటియం 3 ఉన్నచోటే ఆగిపోయింది, కానీ బతికింది. పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకుని పని కొనసాగించింది. హీట్ సింక్ మళ్లీ పెట్టగానే ఏమీ జరగనట్టే పరుగందుకుంది. ఇప్పుడు మార్కెట్‌లో దొరికే ఏ ప్రాసెసర్ అయినా అలాగే తనను తాను కాపాడుకుంటుంది. కాబట్టి ఎండకి ప్రాసెసర్ మాడిపోతుందన్న భయం అక్కర్లేదు. నెమ్మదిస్తుంది, అంతే. కానీ మేలో ఆ నెమ్మదే మన ప్రాణం తీస్తుంది!

మైలురాయి లెక్క

ఈ అంకెలు చదవడంలో ఒక మెలిక ఉంది. నరసరావుపేట నుంచి మాచర్ల రోడ్డున పోతుంటే రాళ్ల మీద ఏం రాసి ఉంటుంది? ఎంత దూరం వచ్చారో కాదు, మాచర్ల ఇంకా ఎంత దూరముందో. ఇంటెల్ ప్రాసెసర్ లోపలి సెన్సర్ కూడా అచ్చం అంతే. 'నేను 62 డిగ్రీల్లో ఉన్నాను' అనదు. 'హద్దుకి ఇంకా 38 డిగ్రీల దూరంలో ఉన్నాను' అంటుంది. చాలా ప్రాసెసర్లలో ఆ హద్దు 100 డిగ్రీలు. ప్రోగ్రాములు 100లోంచి 38 తీసేసి 62 అని మనకు చూపిస్తాయి.

హద్దు తప్పుగా అనుకుంటే? లెక్కంతా తప్పే. 2006లో కోర్ 2 ప్రాసెసర్లు వచ్చిన కొత్తల్లో అదే జరిగింది. ఒకే కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాము ఒక అంకె చూపిస్తే ఇంకోటి పది, పదిహేను డిగ్రీలు ఎక్కువ చూపించేది. సెన్సర్ తప్పు కాదు, ఒక్కో ప్రోగ్రాము ఒక్కో హద్దు ఊహించుకోవడం వల్ల వచ్చిన తంటా. ఇంకో మాట... ఈ సెన్సర్లు హద్దుకి దగ్గరపడేకొద్దీ కచ్చితంగా చెబుతాయి. చల్లగా ఉన్నప్పుడు అంత కచ్చితం కాదు. అందుకే జనవరి తెల్లవారుజామున గది కన్నా ప్రాసెసరే చల్లగా ఉన్నట్టు చూపిస్తే ఆశ్చర్యపోకండి, నమ్మకండి.

2017లో ఏఎండీ ఇంకో వింత చేసింది. రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ రకాలు కొన్నవాళ్లు తమ ప్రాసెసర్ అంత వేడిగా ఎందుకుందని బెంబేలెత్తారు. ఫ్యాన్లు అన్ని రకాల్లోనూ ఒకే తీరున తిరగాలని, అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చూపించేలా తామే అమర్చామని కంపెనీ చెప్పాక ఊపిరి పీల్చుకున్నారు. 

విండోస్‌లో ఒక చోట దొరికే అంకె మరీ విచిత్రంగా ఉంటుంది... 3182 అని! మూడువేల డిగ్రీలా? కాదు. 1996లో వచ్చిన ఏసీపీఐ అనే ప్రమాణం ప్రకారం మదర్‌బోర్డు వేడిని కెల్విన్‌లలో, అదీ పదో వంతుల్లో చెబుతుంది. 3182 అంటే 318.2 కెల్విన్లు. దానిలోంచి 273.2 తీసేస్తే 45 డిగ్రీలు. కొన్ని మదర్‌బోర్డుల్లో ఈ అంకె పొద్దుటినుంచి సాయంత్రం దాకా కదలనే కదలదు. గోడకి వేలాడదీసిన ఆగిపోయిన గడియారంలాంటిదన్నమాట. అలాంటి దాన్ని పక్కన పెట్టేయడమే.

ఎక్కడ చూడాలి?

లైనక్స్ వాడేవాళ్లది అదృష్టం. 1998లోనే కొందరు ఔత్సాహికులు మదర్‌బోర్డు సెన్సర్లను చదివే 'ఎల్ఎం సెన్సర్స్' అనే ఉపకరణాన్ని మొదలుపెట్టారు. నేషనల్ సెమీకండక్టర్ కంపెనీ తయారుచేసిన ఎల్ఎం78, ఎల్ఎం75 అనే సెన్సర్ చిప్‌ల పేర్లలోంచే ఆ 'ఎల్ఎం' వచ్చింది. ఉబుంటు అయినా, తెలుగులో కనిపించే 'స్వేచ్ఛ' లైనక్స్ అయినా, ఆ ఉపకరణం వేసుకున్నాక టెర్మినల్‌లో 'సెన్సర్స్' అన్న ఒక్క ఇంగ్లిషు మాట టైపు చేస్తే చాలు, ప్రాసెసర్‌లోని ఒక్కో కోర్ వేడి, ఫ్యాన్ల వేగం వరసగా వచ్చేస్తాయి. లైనక్స్ ఈ లెక్కల్ని మామూలు ఫైళ్లలా దాచుకుంటుంది. తెరిచి చూస్తే లోపల 62000 అని ఉంటుంది. కంగారు పడకండి, అది డిగ్రీలో వెయ్యో వంతుల లెక్క. వేడి వల్ల ప్రాసెసర్ వేగం తగ్గించినప్పుడు చాలాసార్లు లైనక్స్ తన దినచర్య పుస్తకంలో, అదే కెర్నెల్ లాగ్‌లో, ఓ ముక్క రాసి పెడుతుంది కూడా.

విండోస్ సంగతి కాస్త వెనకబాటే. ఇన్నేళ్లయినా టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వేడి చూపించదు. 2020 మేలో వచ్చిన విండోస్ 10 మార్పులతో విడిగా ఉండే గ్రాఫిక్స్ కార్డు వేడి మాత్రం కనిపించడం మొదలైంది. విండోస్ 11లో స్టోరేజి సెట్టింగుల్లోకి వెళ్లి ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ వివరాలు తెరిస్తే దాని ఉష్ణోగ్రత కనిపిస్తుంది. ప్రాసెసర్ వేడి కావాలంటే హెచ్‌డబ్ల్యూ మానిటర్, కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాముల్లో ఏదో ఒకటి దించుకోవాల్సిందే. ఏదైనా ఒక్కటి చాలు. రెండు మూడు ఒకేసారి నడిపితే ఒకే సెన్సర్‌ని అన్నీ కలిసి కదిలించి తప్పుడు అంకెలు రావచ్చు.

దించుకునే చోటు మాత్రం జాగ్రత్త. ప్రాసెసర్ లోతుల్లోకి తొంగిచూడాలంటే ఈ ప్రోగ్రాములకి ఇంటి తాళాలన్నీ ఇవ్వాలి. అలాంటి తాళాల గుత్తే 'విన్‌రింగ్0' అనే డ్రైవర్. ఎన్నో ఉష్ణోగ్రత ప్రోగ్రాములు ఏళ్లతరబడి దాన్నే వాడాయి. దొంగలు కూడా అదే గుత్తిని వాడుకునే వీలుందని తేలడంతో 2025 మార్చి నుంచి విండోస్ డిఫెండర్ దాన్ని పట్టుకుని ఆపడం మొదలుపెట్టింది. మీ పాత ప్రోగ్రాము మీద అలాంటి హెచ్చరిక వస్తే పట్టుబట్టి అనుమతులివ్వకండి. ఆ ప్రోగ్రాము తయారీదారు ఇచ్చే కొత్త వెర్షన్‌కి మారండి. ఇక, 'మీ పీసీని ఒక్క క్లిక్‌తో చల్లబరుస్తాం' అని ఊరించే వాటి జోలికి అసలే పోవద్దు. క్లిక్‌తో దుమ్ము పోదు!

ఏదీ దించుకోవడం ఇష్టం లేదా? దానికీ దారి ఉంది. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ పేజీ తెరిచి సీపీయూ మీద నొక్కండి. 'బేస్ స్పీడ్' అని ఒక అంకె, 'స్పీడ్' అని ఇంకో అంకె ఉంటాయి. కంప్యూటర్‌కి గట్టి పని చెప్పి, వాడకం నూరు శాతానికి దగ్గరగా ఉన్నప్పుడు ఈ రెండూ పోల్చండి. స్పీడ్ బేస్ స్పీడ్ కన్నా కిందికి జారి అక్కడే ఉండిపోతుంటే, ప్రాసెసర్ ఎవరికో భయపడి తగ్గుతోందన్నమాట. చాలాసార్లు ఆ ఎవరో వేడే. ల్యాప్‌టాప్‌లో అయితే ఛార్జర్ పెట్టి చూడాలి. బ్యాటరీ ఆదా కోసం కూడా వేగం తగ్గుతుంది కదా.

సంక్రాంతికి దాక్కుని... రోహిణికి బయటపడి

ఇప్పుడు అసలు లెక్క. ప్రాసెసర్ వేడి అంటే గది వేడికి ప్రాసెసర్ తన సొంతంగా కలిపిన వేడి. ఆ కలిపేది ఎంత? ప్రాసెసర్ తాగే వాట్లని బట్టి, ఆ వేడిని బయటికి పంపే హీట్ సింక్ సామర్థ్యాన్ని బట్టి ఉంటుంది. ఉదాహరణకి 65 వాట్ల ప్రాసెసర్, ఒక్కో వాటుకి అర డిగ్రీ పెరిగే హీట్ సింక్ అనుకుందాం. పూర్తి పనిలో గది వేడి కన్నా సుమారు 33 డిగ్రీలు ఎక్కువుంటుంది. సంక్రాంతి రోజుల్లో గది 26 అయితే ప్రాసెసర్ 59. మే మధ్యాహ్నం మేడగది 40 అయితే 73. రెండూ భేషుగ్గా ఉన్నట్టే.

హీట్ సింక్ రేకుల మధ్య దుమ్ము పేరుకుని, లోపలి పేస్టు ఎండిపోయి, ఆ సామర్థ్యం సగానికి పడిందనుకోండి. కలిసే వేడి 33 కాస్తా 65 అవుతుంది. సంక్రాంతికి 91. హద్దుకి లోపలే కాబట్టి కంప్యూటర్ ఏ ఫిర్యాదూ చేయదు, ఫ్యాను కాస్త గట్టిగా అరుస్తుందేమో, అంతే. మేలో? 105. హద్దు దాటింది. నడక మొదలు!

చూశారా, ఎండ కొత్తగా తెచ్చిన జబ్బేం లేదు. లోపల ఎప్పటినుంచో ఉన్నదాన్ని బయటపెట్టింది. చలికాలంలో ఒక్క అంకె చదివి ఉంటే జనవరిలోనే దొరికిపోయేది. కాబట్టి 'ఎన్ని డిగ్రీలుంటే మంచిది?' అన్న ప్రశ్న పల్నాడులో పెద్దగా పనికిరాదు. గదికీ ప్రాసెసర్‌కీ తేడా ఎంత, ఆ తేడా పోయినేటి కన్నా పెరిగిందా అన్నది చూడాలి. గోడకి పెట్టుకునే మామూలు థర్మామీటరు ఒకటి కొనండి. కంప్యూటర్‌కి పది నిమిషాలు ఒకే రకం గట్టి పని చెప్పండి, పెద్ద వీడియో ఏదైనా మార్చమన్నా సరే. రెండు అంకెలూ రాసిపెట్టుకోండి. మొదటిసారి శుభ్రం చేయించిన రోజున రాస్తే మరీ మంచిది. తేడా ఏడాదికో పది డిగ్రీలు పెరిగిందంటే దుమ్ము దులిపే వేళయిందన్నమాట.

ఒక్క నిమిషంలో అంకె 45 నుంచి 70కి ఎగిరి మళ్లీ దిగితే హైరానా పడకండి. అది ప్రాసెసర్ సహజం. 2022లో వచ్చిన రైజెన్ 7000 రకాలనైతే పూర్తి పనిలో 95 డిగ్రీల దాకా వెళ్లి అక్కడే నడిచేలా కావాలనే తయారుచేశారు. అలాంటి వాటిలో అంకె కన్నా వేగం చూడటమే సరైన పరీక్ష.

లండన్‌కి 40... మనకి 40

2022 జులై 19న బ్రిటన్‌లో చరిత్రలో తొలిసారి 40 డిగ్రీలు దాటింది. కానింగ్స్‌బీలో 40.3 నమోదైంది. ఆ రోజు లండన్‌లో గూగుల్, ఒరాకిల్ డేటా కేంద్రాల్లో చల్లబరిచే యంత్రాలు చేతులెత్తేశాయి. గైస్ అండ్ సెయింట్ థామస్ ఆసుపత్రుల్లో కంప్యూటర్ల వ్యవస్థ కుప్పకూలి డాక్టర్లు కాగితాల మీద రాసుకోవాల్సి వచ్చింది. మన దగ్గర ఏప్రిల్లో 40 అంటే 'ఇంకా ఎండలు ముదరలేదు' అంటాం! వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతాల్లో కనీసం 40 ఉంటేనే వడగాలుల మాట ఎత్తేది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ, మన ఇళ్లలోని యంత్రాలు పల్నాడుని దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు. డేటా కేంద్రాల గదులు 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని ఆ రంగం ప్రమాణాలు సూచిస్తాయి. ఆపిల్ తన ఫోన్లనీ, మ్యాక్‌బుక్‌లనీ చుట్టూ 35 డిగ్రీల లోపు ఉన్నచోట వాడమంటుంది. మే నెలలో నరసరావుపేటలో ఏసీ లేని గదిలో ఆ షరతు మధ్యాహ్నం పూట నెరవేరేది ఎప్పుడు? 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలయ్యాక ఊరూరికీ కంప్యూటర్లు వెళ్లాయి. ఏసీ మాత్రం వాటితోపాటు ఊరూరికీ వెళ్లలేదు.

పత్తి నూగు, సున్నపు పొడి

వేడికి తోడు దుమ్ము. పల్నాడులో అదీ రకరకాలు. పత్తి ఏరే కాలంలో గాల్లో తేలే నూగు, మిరప కళ్లాల ఘాటు ధూళి, పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీల పొడి. వీటన్నిటిలోకీ పత్తి నూగు మహా మొండిది. హీట్ సింక్ రేకుల మీద పడి పలచటి దుప్పటిలా అల్లుకుపోతుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం రేకుల్లోకి దూరదు. అంకెల్లో ఇది స్పష్టంగా తెలుస్తుంది... ఫ్యాన్ వేగం పెరిగింది, అయినా వేడి తగ్గలేదు అంటే దుప్పటి కప్పుకున్నట్టే. ఫ్యాన్ వేగం సున్నా అని చూపిస్తే ఫ్యానే పోయిందేమో మూత తీసి చూడాలి. కొన్ని కొత్త కంప్యూటర్లలో పని లేనప్పుడు కావాలనే ఫ్యాన్ ఆగుతుంది. పని చెప్పాక కూడా సున్నాయే ఉంటేనే అనుమానించండి.

శుభ్రం చేయడం బ్రహ్మవిద్యేం కాదు. కరెంటు తీసేయండి. మూత విప్పి మెత్తటి కుంచెతో రేకుల మధ్య దులపండి. గాలి కొట్టించేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోవడం మరవద్దు. గాలి జోరుకి అడ్డూఅదుపూ లేకుండా తిరిగి బేరింగులు దెబ్బతింటాయి. బండ్ల సర్వీసింగ్ షాపులో గాలి పట్టించే అలవాటుంటే మానుకోండి, ఆ గొట్టంలో నీటి తుంపరలు కూడా వస్తాయి. ప్రాసెసర్‌కీ హీట్ సింక్‌కీ మధ్య ఉండే థర్మల్ పేస్టు కొన్నేళ్లకి ఎండి పెళుసవుతుంది. మార్పించడం పెద్ద ఖర్చేమీ కాదు. చేతకాకపోతే మెకానిక్‌తోనే వేయించండి, ఫార్మాట్ మాత్రం వద్దని చెప్పండి!

తలుపులున్న కంప్యూటర్ బల్లలు ఈ ఊరి వాతావరణానికి శత్రువులు. కేబినెట్‌ని అందులోంచి బయటికి లాగి, గోడకి జానెడు ఎడంగా పెట్టినా అంకె దిగుతుంది. నమ్మకపోతే పెట్టకముందు, పెట్టాక చూసుకోండి. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి వాడితే కింది రంధ్రాలు మూసుకుపోతాయి. వెనకవైపు రెండు చిన్న చెక్కముక్కలు ఎత్తు పెట్టి చూడండి. వందలు పోసి కొనే ఫ్యాన్ల స్టాండు చేసే మేలులో చాలా భాగం అవే చేసేస్తాయి. కూలర్ ఉంటే గది చల్లబడితే చాలు, దాని మొహం నేరుగా కంప్యూటర్ మీదికి తిప్పకండి. తడి దుమ్ము అట్టకట్టి కూర్చుంటుంది. 

కంప్యూటరు చూపించని వేడి కూడా ఒకటుంది, యూపీఎస్‌లోనూ ఇన్వర్టర్‌లోనూ ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీది. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకీ దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని లెక్క. మెట్ల కిందో, చల్లగా ఉండే గదిలోనో పెట్టండి. మేడగదిలో వద్దు.

హార్డ్ డిస్క్ మాటేమిటి?

వేడికి హార్డ్ డిస్కులు చచ్చిపోతాయని అందరూ అనేవాళ్లు. 2007లో గూగుల్ పరిశోధకులు ముగ్గురు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కుల లెక్కలు బయటపెట్టారు. తీరా చూస్తే మామూలు వేడికీ డిస్కులు పాడవడానికీ అనుకున్నంత సంబంధం కనపడలేదు. మరీ చల్లగా ఉన్నవే ఎక్కువ పోయాయి! కాకపోతే మూడేళ్లు, నాలుగేళ్లు వాడిన డిస్కుల్లో మాత్రం వేడి పెరిగేకొద్దీ పాడయ్యేవి పెరిగాయి. ఆ లెక్కలు గూగుల్ వారి చల్లటి డేటా కేంద్రాల్లోవని కూడా గుర్తుంచుకోవాలి. మన ఇళ్లలో డిస్కులు మూడేళ్లు దాటినవే ఎక్కువ, గదులేమో 40 డిగ్రీలు. చాలా హార్డ్ డిస్కులకి తయారీదారులు పెట్టిన హద్దు 60 డిగ్రీలు.

డిస్కు కూడా తన వేడిని తనే కొలుచుకుని 'స్మార్ట్' అనే పట్టికలో 194వ నంబరు వరసలో రాసుకుంటుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాముతో చూడొచ్చు. లైనక్స్‌లో 2020లో వచ్చిన 5.6 కెర్నెల్ నుంచి డిస్కు వేడి కూడా ప్రాసెసర్ వేడి పక్కనే కనిపించే వీలొచ్చింది. మే మధ్యాహ్నం అది 55 దాటి నిలబడుతుంటే డిస్కుకి ఎదురుగా చిన్న ఫ్యాన్ ఒకటి బిగించమనండి. బిగించేలోపు పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోండి. కాపీకి పొద్దున ఐదు గంటల వేళయితే నయం. గది కాస్త చల్లగా ఉంటుంది, కరెంటు కూడా ఉంటుంది.